సగం పాట

"ఈ రోజు కూడా సగం హాలు లేచిపోతే, వచ్చే శనివారం నుంచి తలుపుకు తాళమేనయ్యా శేఖర్" అన్నారు లూకా గారు. ఆయన ఆ హాలు నడిపే సంఘానికి అధ్యక్షులు. కోప్పడి అన్న మాట కాదు, అందుకే జ్ఞానశేఖర్‌కు మరీ భయం వేసింది.

సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరి ఆ హాల్లో శనివారం సాయంత్రం ఎవరైనా సరే, గుమ్మం దగ్గర పేరు చెప్పి వేదికెక్కి పాడొచ్చు. ఆ పద్ధతి పెట్టింది జ్ఞానశేఖరే. రైల్వే ఆఫీసులో గుమాస్తాగిరీ అతని ఒంటికి తిండి పెడితే, ఈ సాయంత్రం ప్రాణానికి పెట్టేది. పోలీసు యాక్షన్ జరిగి ఏడాదిన్నర కావస్తున్నా ఊళ్లో జనం ఇంకా ఒకరినొకరు ఓరగా చూసుకుంటున్నారు. అలాంటి రోజుల్లో అందరూ ఒక కప్పు కింద కూర్చుంటే చాలని అతని ఆశ. కూర్చుంటున్నారు కూడా, కాకపోతే వంతులవారీగా.

కుడివైపు రైల్వే కుటుంబాలూ, కంటోన్మెంటు కుర్రకారూ మేబెల్ కోసం వస్తారు. మోకాళ్ల దాకా గౌను వేసుకుని, భుజాలు ఎగరేస్తూ, ఇంగ్లీషు పాటలతో ఆమె వేదికంతా తిరిగేస్తుంది. ఎడమవైపు షేర్వాణీల పెద్దమనుషులు లతీఫున్నీసా బేగం కోసం వస్తారు. ఆమె ఒకప్పుడు ఓ నవాబు గారి దేవిడీలో, ఆయన పెద్ద బంగళాలో, పాడిన మనిషి. ఆ దేవిడీ మూతపడ్డాక ఇక్కడికి వస్తోంది గానీ పరదా మాత్రం వదల్లేదు. బురఖాలో వెనక తలుపు నుంచి వచ్చి, వెదురు పుల్లల తెర వెనక కూర్చుని ఠుమ్రీలు పాడి వెళ్లిపోతుంది. పరాయి మగవాళ్లతో మాట కలపదు. ఏం చెప్పాలన్నా వెంట ఉండే రహమత్‌బీ చెప్పాల్సిందే. దేవిడీలో ఏళ్ల తరబడి ఆమె పాట విన్నవాళ్లకు కూడా ఆమె ముఖం తెలియదు.

మేబెల్ పాడితే ఎడమవైపు ఖాళీ, బేగం పాడితే కుడివైపు ఖాళీ. ఒకరిది మిరియాల చారు, ఇంకొకరిది పటికబెల్లం, రెండూ ఒకే విస్తట్లో ఎవరు వడ్డించుకుంటారని లూకా గారి వాదన. ఇద్దరిలో ఒకరిని మానిపించమని ఆయన ఎప్పటినుంచో చెబుతున్నారు. జ్ఞానశేఖర్‌కు ఆ పని చేతకాలేదు.

ముందు మేబెల్ దగ్గరికి వెళ్లాడు. ఇద్దరూ ఒక్కసారి కలిసి కనబడితే జనం మెత్తబడతారని, ఒక్క పాట కలిసి పాడమని బతిమాలాడు. మేబెల్ చాలాసేపు నవ్వింది.

"ఇంకేదైనా అడగండి సార్. ఆమె పక్కన నిలబడటం మాత్రం నా వల్ల కాదు."

తెర వెనక చాప పరుస్తున్న రహమత్‌బీ దగ్గరా అదే జవాబు.

"గది అయ్యే ముచ్చట గాదు సాబ్. ఆ మేడం దిగినంకనే మా బేగం సాబా ఎక్కుతది."

ఊళ్లో ఉన్న పంతాలు చాలనట్టు పాటల్లో కూడానా అని అతను పైకే అనేశాడు. ఇవాళ్టితో హాలు మూతపడుతుందని కూడా చెప్పేశాడు. రహమత్‌బీ చాప పరచడం ఆపి బయటికి వెళ్లింది. కాసేపటికి మేబెల్ తనంతట తానే వచ్చింది.

"మా వాళ్లు లేవకుండా నేను చూసుకుంటా. బేగంగారి వాళ్ల సంగతి బేగంగారు చూసుకుంటారు. మధ్యలో కాస్త ఆలస్యమైతే మీరు ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి, చాలు."

బేగం ఎప్పుడు ఒప్పుకుందని అడుగుదామనుకునేలోపే హార్మోనియం మొదలైంది.

మేబెల్ ఆ రోజు చెలరేగిపోయింది. ఎడమవైపు వాళ్లు మామూలుగానే వరండాలోకి నడిచారు. పాట మంచి ఊపులో ఉండగా ఆమె ఠక్కున ఆగి, మిగతా సగం బేగంగారు పాడాకే అని చెప్పి దిగిపోయింది. కుర్రాళ్లు గోల పెట్టారు గానీ కుర్చీలు వదల్లేదు. జ్ఞానశేఖర్ ఆలస్యంగా వచ్చే రైళ్ల మీద తనకు తెలిసిన జోకులన్నీ చెప్పాడు. తబలా శ్రుతి కుదిరేసరికి తెర వెనక నీడ కదిలింది, షేర్వాణీలు లోపలికి వచ్చి కూర్చున్నాయి.

బేగం కూడా సరిగ్గా అదే పని చేసింది. ఠుమ్రీని మెల్లగా పైకి తీసుకెళ్లి, అందరూ ఊపిరి బిగబట్టి ఉండగా ఆపేసింది. మిగిలింది మేబెల్ పాట అయినంక అని రహమత్‌బీ తెర పక్క నుంచి చెప్పింది. పెద్దమనుషులు గొణుక్కుంటూనే ఉండిపోయారు. మేబెల్ తన రెండో సగం పాడుతుంటే, వాళ్లలో ఒకాయన జోడు నేల మీద తాళం వేస్తోంది. ఆయన దాన్ని ఆపుకోవాలని చూశాడు, కుదర్లేదు.

అసలు గండం అప్పుడొచ్చింది. మేబెల్ పాట పూర్తయిపోయింది. ఇక కుడివైపు వాళ్లను కట్టిపడేసేదేమీ లేదు. లూకా గారు వాళ్లనే చూస్తున్నారు. బేగం మిగిలిన సగం అందుకుంది. జ్ఞానశేఖర్ వేదిక పక్కన గోడకానుకుని కళ్లు మూసుకున్నాడు. కుర్చీ కదిలిన చప్పుడు వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించాడు. వినిపించలేదు. వినిపించింది కంటోన్మెంటు కుర్రవాడెవరో అన్న "వాహ్".

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. లూకా గారు అతని భుజం తట్టి, మోండా మార్కెట్ నుంచి రెండు మల్లెదండలు తెప్పించారు. జ్ఞానశేఖర్ వాటిని పట్టుకుని వెనక తలుపు దగ్గరికి పరుగెత్తాడు. మేబెల్ అప్పటికే వెళ్లిపోయిందట. పరదా కట్టిన టాంగాలో బేగం ఎక్కి కూర్చుంది. అతను ఒక దండ రహమత్‌బీకి ఇచ్చి, రెండోదాన్ని ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు.

"అది సుత నాకే ఇయ్యి సాబ్. మేడం ఇల్లు మా తొవ్వలనే ఉంటది. నేనిస్తా."

జ్ఞానశేఖర్‌కు సంతోషం ఆగలేదు, ఆ దండ కూడా ఆమె చేతిలో పెట్టేశాడు. నిన్నటిదాకా పేరెత్తని మనిషి ఇవాళ దండ మోసుకుపోతానంటోంది. ఊరు బాగుపడటానికి ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాడు.

టాంగా రాంగోపాల్‌పేట్ వైపు తిరిగింది. పరదా లోపల బేగం బురఖా తీసి, నలిగిన గౌను సర్దుకుని, హాయిగా వెనక్కి వాలింది.

రహమత్‌బీ రెండు దండలూ మేబెల్ మెడలోనే వేసింది.