మూడు ముక్కల రహస్యం

"ఆస్పత్రిలో ఒక్క డాక్టరుకీ కంప్యూటర్ తెరుచుకోవడం లేదు. ముందు కార్డులు తీయండి!" డైరెక్టరు అరిచాడు.

సర్వరు మళ్లీ లేవాలంటే రహస్య సంఖ్య కావాలి. దాన్ని లెక్కల మేడమ్, మూడూ కలిపితేనే తేలేలా లెక్కకట్టి మూడు ముక్కలు చేసి, మూడు కార్డుల్లో దాచింది. డైరెక్టరుకొకటి, సెక్యూరిటీ ఆఫీసరుకొకటి ఇచ్చి, తానొకటి ఉంచుకుంది. రెండు దొరికినా దొంగకు ఒక్క అంకె కూడా తెలియదని ఆవిడ ధీమా.

"నాది భద్రంగానే ఉంది," అన్నాడు ఆఫీసరు, కదలకుండా.

"నాదీనూ," అంది మేడమ్, కిటికీలోంచి చూస్తూ.

"మరి తెండి!" అన్న డైరెక్టరు కూడా కుర్చీలోంచి లేవలేదు.

నేల తుడుస్తున్న ఆయమ్మ చేతులు తుడుచుకుని, తన సంచిలోంచి మూడు కార్డులూ తీసి బల్లమీద పెట్టింది.

మేడమ్ మూడు కార్డులూ తిప్పి చూసింది. "మూడూ నీ దగ్గరేనా? ఎన్నాళ్లుగా?"

"ఏడాదైందమ్మా. నీ దగ్గరైతే భద్రం, మిగతా ఇద్దరికీ చెప్పకు అని ఎవరికి వాళ్లే ఇచ్చారు. నేను చెప్పలేదు."

పది నిమిషాల్లో సర్వరు లేచింది. డైరెక్టరు గొంతు కూడా లేచింది.

"ఇంత రహస్యం ఒక్క మనిషి చేతిలోనా! ఆయమ్మా, రేపట్నుంచి నువ్వీ గదిలోకి రావద్దు."

"అట్లాగే సార్. అయితే ఇవి కూడా తీసుకోండి."

ముగ్గురి ఇళ్ల తాళంచెవులూ బల్లమీద పెట్టింది.

ఎవరూ చెయ్యి చాపలేదు.