కమాను కింద కుర్చీ

యోగానంద్ మడత కుర్చీ తెచ్చి, సరిగ్గా కమాను నడినెత్తి కింద వేసుకుని కూర్చున్నాడు.

"లేవండి," అంది బిందుమాధవి. "అక్కడ కూర్చోవలసింది మీరు కాదు."

"మరి సుత్తి ఎవరు పడతారు? నా భుజానికి ఆపరేషనై మూణ్ణెల్లు కాలేదు."

అమెరికాలోని ట్రాయ్ ఊళ్ళో గుడి వెనక తోటలోకి దారి ఆ కమాను. పదకొండు అడుగుల ఎత్తు. ఇటుకా సున్నమూ తప్ప లోపల ఇనప ముక్క లేదు. రెండు వేల ఏళ్ళ కిందట రోమ్ వాళ్ళు కట్టిన పద్ధతి. ఇన్నాళ్ళూ సెంట్రింగ్ చెక్కలు దాన్ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఉన్నాయి. ఇవాళ దింపాలి. దింపాక అది తన కాళ్ళ మీద తను నిలబడాలి.

నిలబడకపోతే ఏం చెయ్యాలో గుడి కమిటీ ముందే తేల్చేసింది. పార్కింగ్‌లో పసుపుపచ్చ కూల్చే మిషన్ ఒకటి అద్దెకి తెచ్చి పెట్టారు.

"పదకొండింటికి డ్రైవర్ వస్తాడు," అన్నాడు కమిటీ ఛైర్మన్ జగన్మోహన్. "ఒక్క ఇటుక జారినా మొత్తం తీసేయమంటాను. అది సరే, కింద ఈ కుర్చీ ఏంటండీ యోగానంద్ గారూ? ఇన్సూరెన్స్ వాళ్ళు వింటే ముందు నన్ను పాతేస్తారు."

"రోమ్‌లో చెక్కలు తీసేప్పుడు కట్టినవాణ్ణి కమాను కిందే నిలబెట్టేవారట. నా మోకాళ్ళు రోమ్‌వి కావు. అందుకని కుర్చీ."

"ఇక్కడ రోమ్‌కి కొదవేముంది అన్నయ్యగారూ," అంది జగన్మోహన్ భార్య శాంతి. "కోర్టుకీ అవే స్తంభాలు, బ్యాంకుకీ అవే స్తంభాలు. మా ఇళ్ళుండే సబ్‌డివిజన్ గేటుకి కూడా పెట్టారు. మొన్న గాలికి ఒకటి ఎగిరిపోయింది. తీరా చూస్తే థర్మోకోల్."

రెండేళ్ళుగా యోగానంద్, బిందుమాధవిల ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య మాటంటే ఈ కమాను మాటే. అన్నం దగ్గర కమాను, కార్‌లో కమాను. మాట పెరిగితే కంచాలు మోగేవి. ఒక్కోసారి వారం పాటు అసలు మాటే ఉండేది కాదు. యోగానంద్ నలభై ఏళ్ళు ఇనప వంతెనలకి లెక్కలు కట్టిన మనిషి. పట్టాడంటే ఉడుంపట్టు.

బిందుమాధవి కుర్చీ దగ్గరికి వంగి మెల్లగా అడిగింది. "లెక్క మళ్ళీ చూశారా?"

"మూడుసార్లు చూశాను."

"ఏమొచ్చింది?"

"కొట్టు మాధవీ. టైమవుతోంది."

సెంట్రింగ్‌ని నాలుగు గుంజలు మోస్తున్నాయి. ఒక్కో గుంజ నెత్తిన రెండేసి ఏటవాలు చెక్కముక్కలు బిగించి ఉన్నాయి. మొత్తం ఎనిమిది. అవి ఊడితే సెంట్రింగ్ రెండంగుళాలు కిందికి దిగుతుంది. దాంతోపాటు కమానూ దిగిందా, కింద ఉన్నవాడి పని సరి.

ఆవిడ వేళ్ళు సున్నానికి పగిలి ఉన్నాయి. సుత్తి పిడి పట్టుకుంటే మండుతోంది. ఎడమ పక్క ఒక దెబ్బ, కుడి పక్క ఒక దెబ్బ. మొదటి ముక్క ఊడి గడ్డిలో పడింది. రెండోదీ పడింది. మూడోది మొండికేసి అయిదు దెబ్బలు తింది.

నాలుగు. అయిదు.

ఆరోది ఊడగానే పైన టప్పున ఏదో విరిగినట్టయింది. సున్నం పొడి రాలి యోగానంద్ బట్టతల మీద పడింది. కమాను ఎడమ భుజం దగ్గర, రెండు ఇటుకల మధ్య, వెంట్రుకంత చీలిక.

"ఆపండి," అన్నాడు జగన్మోహన్. శాంతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆపకూడదని బిందుమాధవికి తెలుసు. ఒక పక్క దిగి రెండో పక్క దిగకపోతే కమాను మెలి తిరుగుతుంది. కానీ చెయ్యి లేవడం లేదు.

"బయటికి రండి," అంది.

"ఆరయ్యాయి. ఏడోది కొట్టు."

"పడితే?"

"పడితే నా మీదే పడాలి. అదే న్యాయం."

ఆయన కళ్ళు మూసుకోలేదు. తల పైకెత్తి ఆ చీలిక వంకే చూస్తున్నాడు. చేతులు మాత్రం కుర్చీ అంచుల్ని పిండేస్తున్నాయి.

ఆవిడ పళ్ళు బిగబట్టి కొట్టింది. ఏడు.

చివరి ముక్క ఒక్క దెబ్బకే ఎగిరిపోయింది. సెంట్రింగ్ మూలిగింది. మూలిగి, బరువు దించుకున్న ముసలి ఎద్దులా, రెండంగుళాలు కిందికి కూర్చుంది.

కమాను కూర్చోలేదు.

చెక్కకీ ఇటుకకీ మధ్య ఎండ దూరింది. ముందు కొబ్బరి ఈనె మందాన, తర్వాత మూడు వేళ్ళ మందాన, ఈ చివర నుంచి ఆ చివర దాకా. వెంట్రుకంత చీలిక పైబరువుకి నొక్కుకుపోయి, ఉన్నచోటే మూసుకుంది.

జగన్మోహన్ ఫోన్ తీసి, మిషన్ డ్రైవర్‌కి రావద్దని చెప్పాడు. తర్వాత కారులోంచి కమిటీ కాయితం తెచ్చి కుర్చీ చేతి మీద పెట్టాడు.

"రికార్డుకి రెండు సంతకాలు కావాలి," అన్నాడు, ఇద్దరి మొహాల్లోకీ చూడలేక.

'కట్టినవారు' అన్న గీత మీద బిందుమాధవి సంతకం పెట్టాక, ఆవిడ చేతిలోంచి పెన్ను తీసుకుని, 'ఇది నిలవదని ఉత్తరం రాసి రెండేళ్ళు పని ఆపించిన ఇంజినీరు' అన్న గీత మీద యోగానంద్ సంతకం పెట్టాడు.