తువ్వాలు తోక

మొయినాబాదు దాటి చేవెళ్ళ రోడ్డు మీద పరుగెత్తుతున్న యోసేపు నడుము నుంచి ఎవరో తువ్వాలు లాగేశారు.

అతను తేరుకునేలోపే ఆ మనిషి దాటుకుని ముందుకు ఉరికాడు. తలంతా నెరిసి ఉంది. లాక్కున్న తువ్వాలును ధోవతి వెనక తోకలా చెక్కుకుని ఊపుతున్నాడు.

"ఓ పెద్దాయనా! ఎవలు నువ్వు?"

"ముందు తోక గుంజు. పేరు తర్వాత!"

వెనక వస్తున్న తోటివాళ్ళు పగలబడి నవ్వారు. యోసేపుకూ నవ్వొచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది.

అది అరవై తొమ్మిది వేసవి. తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు మూతపడి చదువుకునే పిల్లలంతా ఊళ్ళకు చేరారు. యోసేపు అన్న సాలోమోను పట్నంలో ఊరేగింపులో దొరికి జైల్లో ఉన్నాడు.

"పెద్దోడు పోయిండు. నువ్వు గూడ జైలుకు పోతే నేను బతుకుత అనుకుంటున్నవా?" అంటూ తల్లి ధనమ్మ యోసేపును ప్రార్థనలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి మాట తీసుకుంది.

ఊరేగింపులకు పోలేక, ఇంట్లో ఊరికే ఉండలేక, అతను ఈడువాళ్ళను పోగేసి పొద్దున్నే పరుగు మొదలుపెట్టాడు.

ఆ మనిషి మర్నాడు కూడా వచ్చాడు. పేరు కొమురయ్య అన్నాడు. ఎంకపల్లిలో చుట్టాల ఇంట్లో ఉంటున్నానన్నాడు. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

"ఏం పని జేస్తవు కాకా?"

"కాళ్ళున్నయి గద. ఉరుకుతున్న."

"ఈ వయసుల?"

"వయసు ఎనక వస్తనే ఉన్నది. నేనే దానికి దొరుకుతలేను."

నాలుగు రోజుల్లో అందరికీ తోకలు వచ్చాయి. తోక పోగొట్టుకున్నవాడు ముందున్న మోరీ కల్వర్టు దాకా ఒంటికాలి మీద గెంతుతూ కోడిలా కూయాలి. శంకర్‌పల్లి స్టేషనుకు పోయే కూరగాయల బండ్లు ఆగి చూసేవి.

"గాడిదలంత ఎదిగిన్రు, గీ కూతలేందిరా!" అని వంకాయల సంగమ్మ బండి మీంచి అరిచేది.

"నువ్వు గూడ రా అక్కా! తోక నేనిస్త!" అనేవాడు కొమురయ్య.

యోసేపు ఆయన్ను వదలకుండా గమనించేవాడు. ఇంత వయసు వచ్చినా ఈ మనిషిలో పసితనం ఎట్లా మిగిలింది? అది లోపలిదా, పైన వేసుకున్నదా? రోడ్డు మీద జీపు చప్పుడు వినబడితే ఆయన కూత రెట్టింపయ్యేది ఎందుకు?

ఏదీ తేలేది కాదు. తేల్చుకోవాలని చూస్తూనే తానూ గెంతేవాడు. ఒకరోజు ఇంట్లో ఆ కూత కూసి చూపిస్తే తల్లి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సాలోమోను జైలుకు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

ఆ వారమే షాబాదులో కుర్రాళ్ళు వరుస కట్టి నినాదాలిస్తూ నడిచారు. పోలీసులు అందరినీ పట్టుకుపోయారు.

చాయ్ హోటల్లో భిక్షం అనే పాత స్నేహితుడు యోసేపును పట్టుకున్నాడు.

"షాబాదోళ్ళు జైలుకు పోయిన్రు. మరి మీరు ఏడికి పోతరు, కోళ్ళ గూట్లెకా?"

హోటలంతా నవ్వింది. ఆ నవ్వు రాత్రంతా యోసేపును నిద్రపోనివ్వలేదు.

తెల్లవారి రోడ్డు మీద కొమురయ్యకు అడ్డంగా నిలబడ్డాడు.

"రేపటి సంది నువ్వు రాకు కాకా."

"ఏం తప్పు జేసిన నాయనా?"

"మా అన్న జైల్ల ఉన్నడు. నేనిక్కడ కోడి లెక్క కూస్తున్న. నీకు తమాషాగ ఉన్నట్టున్నది."

"మరి రేపటికెల్లి ఎట్ల ఉరుకుతరు?"

"వరుస కట్టి. మొగోళ్ళ లెక్క."

ఆ ముఖం మీద నవ్వు లేకపోవడం యోసేపు మొదటిసారి చూశాడు.

"తోకలు వద్దంటే తీసేయుండ్రి. గని వరుస కట్టకుండ్రి. జర నా మాటిను."

"ఎందుకు కట్టొద్దు?"

కొమురయ్య ఏదో చెప్పబోయి ఆగాడు.

"వరుసల ఉరికితే... జల్ది ముసలోళ్ళయితరు బిడ్డా."

"చాలు తీ. పో ఇగ."

కొమురయ్య నడుము నుంచి తువ్వాలు తీసి, మడిచి, యోసేపు భుజం మీద వేసి ఎంకపల్లి దారి పట్టాడు. ఒక్కసారైనా వెనక్కి చూస్తాడని యోసేపు ఎదురుచూశాడు. చూడలేదు.

మర్నాడు అడుగులో అడుగు వేసి ఉరికారు. జై తెలంగాణ అని రోడ్డు దద్దరిల్లేట్టు అరిచారు. సంగమ్మ బండిని పక్కకు తీసి దారిచ్చింది. యోసేపు ఛాతీ పొంగింది.

ఆ మర్నాడు మలుపు దగ్గర పోలీసు వ్యాను అడ్డంగా నిలిచి ఉంది.

ఠాణాలో నేల మీద కూర్చోబెట్టారు. ధనమ్మకు ఈ కబురు ఎవరు చెబుతారో, విని ఆమె ఏమవుతుందో అని యోసేపు మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు.

లోపలి గదిలోంచి ఇన్‌స్పెక్టరు గొంతు వినబడింది.

"నెల్లాళ్ళుగా నిన్ను మఫ్టీలో వీళ్ళ వెంట పంపిస్తున్నాను. రోజూ వచ్చి నాకేం చెప్పావు? 'ఏం లేదు సార్, పిల్లలు ఆడుకుంటున్నారు' అన్నావా, లేదా?"

"అన్న సార్."

"అంటే అబద్ధం చెప్పావు."

"లేదు సార్. అబద్ధం కావొద్దనే దినాం ఆడిపిచ్చిన."

యోసేపు దిగ్గున లేచి తలుపు సందులోంచి చూశాడు.

ఖాకీ బట్టల్లో నిటారుగా నిలబడి, బెల్టు విప్పి బల్ల మీద పెడుతున్నాడు కొమురయ్య కాక.