పన్నెండో రోజు పథ్యం

వుడ్ గ్రీన్‌లో రైలు ఎక్కేసరికి పదీ ఇరవై. ఒంటిగంటకల్లా తిరిగి ఇంట్లో ఉండాలి. తలుపు పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డ సుక్ యీకి ప్రతి స్టేషనూ కావాలనే ఆలస్యం చేస్తున్నట్టు అనిపించింది.

ఇంట్లో పన్నెండు రోజుల పసివాడు. తల్లిపాలు చాలడం లేదు. డబ్బా పాలు పడితే సగానికి సగం కక్కేస్తున్నాడు. నిన్న వచ్చిన నర్సు వాణ్ణి తూచి మొహం ముడుచుకుంది. సోమవారానికి బరువు పెరగకపోతే ఆసుపత్రిలో చేర్చాల్సిందేనని చెప్పి వెళ్ళింది.

పన్నెండో రోజు నుంచి బాలింతకు పంది కాళ్ళు, ముదురు అల్లం, ఉడికించిన గుడ్లు తియ్యటి నల్ల వెనిగర్‌లో మరిగించి పెట్టాలి. పాలు పడతాయి. ఒంట్లో చేరిన చలి దిగుతుంది. హాంకాంగ్‌లో అయితే ఇవన్నీ అమ్మలు చూసుకుంటారు. సుక్ యీ వాళ్ళమ్మ తుంటి విరిగి అక్కడ మంచంలో ఉంది. ఫోన్లో కొలతలు చెప్పడం తప్ప ఇంకేం చెయ్యలేదు, పాపం.

ఆ వెనిగర్ వుడ్ గ్రీన్‌లో దొరకదు. ఇంటికి తెప్పించుకుందామంటే బుధవారం దాకా రాదన్నారు. ఇక నగరం మధ్యలో చైనా సరుకులు దొరికే చైనాటౌన్‌కి సుక్ యీనే బయల్దేరింది. కింది వాటాలో ఉండే డోరీన్ ఇంట్లో కూర్చోవడానికి ఒప్పుకుంది కానీ, "ఒంటిగంట దాటితే నావల్ల కాదమ్మా, మనవరాలి పుట్టినరోజు, బస్సు పట్టుకోవాలి" అని ముందే తేల్చేసింది.

చైనాటౌన్ శనివారం జనంతో కిటకిటలాడుతోంది. వీధి మొదట్లోని రంగుల గేటు కింద ఫొటోలు తీసుకునేవాళ్ళు దారి ఇవ్వరు. బన్నుల కొట్టు ముందు వరస రోడ్డు మీదికి వచ్చేసింది. సుక్ యీ అందరినీ తప్పించుకుంటూ, నడుం మీద చెయ్యి వేసుకుని నడిచింది.

ముందు మాంసం కొట్టు. నడిపే లాయ్ ఆమెకు పాత పరిచయం.

"ఏంటక్కా, మే నెలలో ఊలు టోపీ? మంచు గానీ పడుతోందా?"

"నీ ఎగతాళి తరవాత. రెండు ముందు కాళ్ళు కొట్టివ్వు. వెంట్రుక కనిపించిందంటే తిరిగొచ్చి నీ మొహాన కొడతా."

కాళ్ళు దొరికాయి. అల్లం దొరికింది. వెనిగర్ మాత్రం దొరకలేదు. మొదటి కొట్లో అర ఖాళీ, మంగళవారం రమ్మన్నారు. రెండో కొట్లో పుల్లటిది ఉంది, తియ్యటిది లేదు. పదకొండున్నర అయింది. పసివాడు లేచి ఉంటాడు.

లైల్ వీధి మలుపులో చ్యూంగ్ మామ్మ కొట్టు ఆఖరిది. ఎనభై దాటిన మనిషి, కౌంటర్ వెనక స్టూలు మీద కూర్చుని సుక్ యీని ఎగాదిగా చూసింది.

"ఉంది. ఒక్క సీసానే ఉంది. మా కోడలికని దాచా. నీకెవరికి?"

"ఇంట్లో కాన్పయింది మామ్మగారూ. పాలు చాలడం లేదు."

"మగా, ఆడా?"

"మగపిల్లాడు."

"కోడలా?" అంటూ సుక్ యీ కణతల దగ్గర నెరిసిన వెంట్రుకల వైపు చూసింది. "అబ్బే, అంత వయసు లేదులే. చెల్లెలై ఉంటుంది."

"రైలుకి టైమవుతోంది మామ్మగారూ..."

"రైలు ఎక్కడికీ పోదు. ముందు నే చెప్పేది విను. దాని తల తడపనివ్వకు. చన్నీళ్ళలో చెయ్యి పెట్టనివ్వకు. నెల నిండేదాకా గుమ్మం దాటనివ్వకు. ఈ కాలం పిల్లలు వారం తిరక్కుండానే బజార్లు పట్టి తిరుగుతున్నారు. అలాంటిదెవతైనా పురిటి మైలతో నా కొట్లో అడుగు పెట్టనీ, చీపురు తిరగేస్తా!"

"అలాగేనండీ."

ముసలావిడ గొణుక్కుంటూనే వంగి, కౌంటర్ కిందనుంచి సీసా తీసింది. "తీసుకుపో. మా కోడలికింకా మూడు వారాలుంది. అదృష్టవంతురాలమ్మా మీ పిల్ల. అది కాలు కదపకుండా పడుకుంటే, ఊరంతా పరిగెత్తడానికి నువ్వున్నావు."

సుక్ యీకి ఉన్నట్టుండి ఏడుపు ముంచుకొచ్చింది. డబ్బులిచ్చి, సీసా సంచీలో పెట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా బయటపడింది.

రైల్లో ఒకతను లేచి సీటు ఇవ్వబోయాడు. వద్దంది. కూర్చుంటే మళ్ళీ లేవడం కష్టం.

ఇంటికి చేరేసరికి ఒంటిగంటకు ఐదు నిమిషాలు తక్కువ. డోరీన్ కోటు తొడుక్కుని గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఇప్పుడే కళ్ళు మూశాడు రాక్షసుడు. గంటసేపు నా చెవులు చిల్లులు పడేలా ఏడ్చాడనుకో. నే పోతున్నా, చప్పుడు చెయ్యకు."

సుక్ యీ టోపీ కూడా తియ్యకుండా పొయ్యి వెలిగించింది. అల్లం చెక్కు తీసింది. కాళ్ళు ఒక పొంగు వచ్చేదాకా ఉడికించి నీళ్ళు వార్చింది. సీసా మొత్తం కుండలో వంపి, కాళ్ళు, అల్లం, ఉడికించిన గుడ్లు అందులో వేసింది. మధ్యలో రెండుసార్లు వంటింటి గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. మూడున్నరకు ముక్క మెత్తబడింది. ఇల్లంతా అల్లం ఘాటు.

గదిలోంచి పసివాడి ఏడుపు మొదలైంది.

సుక్ యీ గబగబా గిన్నెలోకి వడ్డించి, గుడ్డు ఒకటి వేసి, పొగలు కక్కుతుండగానే గదిలోకి తీసుకెళ్ళింది.

గిన్నెను పక్కనున్న బల్ల మీద పెట్టి, పొద్దున తాను లేచి వెళ్ళిన ఖాళీ మంచం మీదే కూర్చుని, ఏడుస్తున్న బిడ్డను తన రొమ్ముకు అందించి, మొదటి ముక్క తన నోట్లో పెట్టుకుంది.