ఆయన చెప్పిన సెట్టింగు

"వెనక సస్పెన్షన్ ఇంకో రెండు క్లిక్కులు బిగించు. బ్రేకు జోరు వెనక చక్రాలకి పెంచు. తోక కాస్త ఆడితేనే మలుపులో కారు నా మాట వింటుంది" అన్నాడు భర్త, హెల్మెట్ తియ్యకుండానే.

"మీ మాట వినేదాన్ని ఇంట్లో నేనొకర్తిని ఉన్నానుగా, చాలదూ?" అంటూ భార్య కారు పక్కన చతికిలపడింది.

రేసు ట్రాక్ పక్కనున్న షెడ్డులో పొద్దుటి నుంచీ ఇదే తంతు. పక్క షెడ్డులో ఆయన తోడల్లుడు, అచ్చం అలాంటి కారుతోనే. ఇద్దరికీ పందెం. ఎవరు ట్రాక్‌ని వేగంగా చుట్టి వస్తే వాళ్ళు గెలిచినట్టు. ఓడినవాడు కారు అమ్మేసి, ఈ సరదాకి ఓ దండం పెట్టెయ్యాలి.

పందెం సంగతి వినగానే భార్య ప్రాణం లేచొచ్చింది. వంటగట్టు మీద బ్రేకు ప్యాడ్లు, చీరల మధ్య స్ప్రింగులు, మంచం కింద టైర్లు. ఈయన ఓడితే చాలు, ఇల్లు మళ్ళీ ఇల్లవుతుంది. కాకపోతే ఓడాలిగానీ ఒళ్ళు విరక్కూడదు. అందుకే ఆయన చెప్పినదానికల్లా తలకిందులుగా చెయ్యసాగింది. బిగించమంటే వదులు చేసింది. బ్రేకు వెనక్కంటే ముందుకి తిప్పింది. ఇక కారు పెళ్ళినడక నడుస్తుందని ఆవిడ లెక్క.

"అయిందా?"

"మీరు చెప్పినట్టే."

ఆయన రివ్వున వెళ్ళి, అంతకన్నా రివ్వున వచ్చాడు. "చూశావటే! రోడ్డుకి బంకపెట్టి అతికించినట్టుంది! నా సెట్టింగంటే ఏమనుకున్నావ్? ఇంకాస్త బిగించు!"

ఇదేం చోద్యమనుకుంది ఆవిడ. ఇంకాస్త వదులు చేసింది. ఆయన మరింత వేగంగా వచ్చాడు.

అంతలో పక్క షెడ్డులోంచి ఆవిడ అక్క వచ్చింది, నుదుటి మీద గ్రీజు మరకతో. "ఏం మాయ చేశావే? మీ బావ చెప్పింది చెప్పినట్టు చేస్తున్నా, మలుపు మలుపుకీ కారు బొంగరమైపోతోంది!"

"చెప్పింది చెప్పినట్టు చేస్తే అంతేనక్కా" అంది చెల్లెలు నీరసంగా. అప్పటికి తత్వం బోధపడింది ఆవిడకి.

పందెం తేల్చే ఆఖరి రౌండు. పెళ్ళయినప్పటి నుంచీ మొదటిసారి, మొగుడు చెప్పింది తు.చ. తప్పకుండా చేద్దామని నిశ్చయించుకుని మర మీద చెయ్యి వేసింది.

"ఆగాగు! ఇంక దేన్నీ ముట్టుకోకు" అన్నాడాయన. "ఇంతకన్నా గొప్పగా చెప్పడం నా వల్ల కూడా కాదు."

గెలిచాడు. తోడల్లుడు హెల్మెట్ నేలకేసి కొట్టాడు. అక్క మొహం మాత్రం మతాబులా వెలిగిపోయింది. "మా ఇంటి పీడ విరగడైందే తల్లీ!" అని చెల్లెల్ని వాటేసుకుంది.

చెల్లెలు టైరు మీద కూలబడి కళ్ళొత్తుకుంది. భర్త ఛాతీ విరుచుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆనందబాష్పాలా? కాసిని దాచుకో, అసలు కబురు ఇంకా చెప్పనేలేదు. మీ బావ కారు పరాయివాళ్ళ పాలవుతుంటే చూస్తూ ఊరుకుంటానా? నేనే కొనేశాను!"