నేల సర్దుకుంటోంది

తాపీ పనికి వెళ్ళే ఎలీశమ్మ పొద్దున్నే దోసె పోస్తే పిండి తూర్పుకి జారిపోయింది. నిన్ననే పొయ్యి కింద పలక ముక్కలు పెట్టి రసమట్టం చూసుకుంది. బుడగ సరిగ్గా మధ్యలో నిలిచింది. తెల్లారేసరికి ఇల్లు మళ్ళీ ఒరిగింది.

కనిగిరి చుట్టూ పాతిక మైళ్ళ లోతు బోర్లు దిగి పదేళ్ళయింది. భూమి అడుగు నుంచి వేడి తోడి నగరాలకు కరెంటు పంపుతున్నారు. ఊళ్ళో మంచాలూ, బీరువాలూ, కుర్చీలూ అన్నీ పలక ముక్కల మీదే నిలబడ్డాయి.

దోసె మాడుతుండగా బోర్ల కంపెనీ ఆఫీసరు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

“అడుగున మెత్తటి రాయి చల్లబడి బరువెక్కిందమ్మా. అది కిందికి లాగుతుంటే పైన నేల వంగి సర్దుకుంటోంది. మీరూ కాస్త సర్దుకుపోవాలి.”

ఎలీశమ్మకు ఒళ్ళు మండింది. కాపురానికొచ్చిన నాడు అత్త, కూలి తగ్గించిన నాడు మేస్త్రి ఇదే మాట అన్నారు.

“నలభై ఏళ్ళుగా సర్దుకుంటానే ఉండా. నేలకి కూడా అదే నేర్పారా?”

కుర్చీ తూర్పు కాళ్ళ కింది పలక ముక్కలను ఫట్టున తన్నేసింది. ఆఫీసరు కుర్చీతో సహా గోడ మీదికి ఒరిగిపోయాడు.

“సర్దుకో సారూ,” అంది.