మధ్యలో ఎంత, బాబాయ్?

ల్యాబుకు ఎదురు మేడ మీదికి డెబ్బై రెండు మెట్లు. మూడు వారాలుగా ఎక్కి దిగుతున్నాడు లైన్‌మన్. స్తంభాలెక్కే కొలువు మానేసి ఏళ్లయినా ఆ పేరు పోలేదు. మోకాళ్లే పోయాయి.

సిగ్నల్ ఎంత అందుతోందో చూపే మీటరు పట్టుకుని గోడ మీది సుద్ద గుర్తుల ముందు నిలబడ్డాడు. మూలకొకటి చొప్పున నాలుగు, మధ్యలో ఒకటి.

అవతల ల్యాబు మేడ మీద ఇంజనీరమ్మ తొమ్మిదో యాంటెన్నా బిగిస్తోంది. చక్రంలా వంచిన ఇత్తడి గొట్టం, చుట్టూ సన్నటి గాట్లు. రేడియో తరంగాన్ని తాడు పేనినట్టు మెలితిప్పి పంపాలట. ఈ సాయంత్రానికి కుదరకపోతే పని మూసేసి ఆమెను పంపేస్తారు.

ఫోన్లో అడిగింది. “మూలల్లో?”

“ముల్లు ఎగిరి గంతేస్తోంది తల్లీ, నాలుగు చోట్లా.”

“మధ్యలో ఎంత, బాబాయ్?”

మధ్య గుర్తు దగ్గర పెట్టాడు. ముల్లు సున్నా మీద కదలక మెదలక పడి ఉంది.

మొదటి రోజూ ఇంతే. పొద్దున్నే చూసిన ఆ పిల్ల నిద్రలేని కళ్లు గుర్తొచ్చి, సున్నా అనడానికి నోరు రాలేదు. “మూడు” అనేశాడు. “అవునా,” అని నిట్టూర్చింది. చాల్లేదేమో అనుకుని రెండో గొట్టానికి ఐదన్నాడు. గొంతు ఇంకా దిగిపోయింది. ఎనిమిదో దానికి పన్నెండు దాకా ఎక్కించాడు. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు.

“బాబాయ్, ఉన్నావా?”

“పదిహేను,” అన్నాడు, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని.

అటు పానా కింద పడిన చప్పుడు.

“ఇక నా వల్ల కాదు. చేతకాలేదని రాసిచ్చేస్తాను. నువ్వు నెమ్మదిగా దిగు. మోకాళ్లు జాగ్రత్త.”

ఇప్పుడు సున్నా అని చెబితే దెబ్బ మీద దెబ్బే. అయినా ఈ పిల్లను అబద్ధంతో సాగనంపకూడదు.

“తల్లీ, తిట్టినా పడతాను. మధ్యలో ఏమీ రావట్లేదు. మొదటి గొట్టం నుంచీ సున్నానే. నీ మొహం చూడలేక నోటికొచ్చిన అంకె చెప్పాను.”

అటు ఆమె నేల మీద కూలబడిన చప్పుడు.

“మెలి సరిగ్గా పడితే మధ్యలో సున్నానే రావాలి బాబాయ్,” అంది నీరసంగా, “ఆ సున్నా కోసమే మిగతా ఎనిమిది గొట్టాలూ కోశాను.”